మాస్టారు గీసిన కత్తియుద్ధాలు

మా డ్రాయింగు మాస్టారు మొన్న శుక్రవారం ఉదయం జగ్గయ్యపేటలో తన ఇంట్లో పోయారు. విలేకరుల వాట్సాప్ గ్రూపులో వార్త రెండు వాక్యాలుగా వచ్చింది. విశ్రాంత ఉపాధ్యాయుడు అని రాశారు. అది నిజమే, కానీ సగం. పిల్లల పత్రికలకు ఆయన ఏళ్ళ తరబడి బొమ్మల కథలు గీశారు. వాటిలో కత్తియుద్ధాల కోసమే పత్రిక కొన్నవాళ్ళు నాకు తెలుసు.

నందిగామ స్కూల్లో తొమ్మిదో తరగతిలో ఉండగా లెక్కల నోటుపుస్తకం వెనక ఇద్దరు రాజుల పోరాటం గీశాను. మాస్టారు చూశారు. కొడతారనుకున్నాను.

"వీళ్ళు కొట్టుకుంటున్నారా, ఫోటో దిగుతున్నారా?" అన్నారు.

క్లాసంతా నవ్వింది. ఆదివారం ఇంటికి రమ్మన్నారు. వెళితే పెరట్లో గునపం చేతికిచ్చి, కత్తిలా తిప్పమన్నారు. తిప్పాను. దాంతోపాటు నేనూ తిరిగి దడి మీద పడ్డాను.

"కదలమాక, అట్టాగే ఉండు" అంటూ ఆయన గీసుకోవడం మొదలుపెట్టారు.

"ముందు పిల్లోణ్ణి లేపండి, బొమ్మ ఎక్కడికీ పోదు" అని వంటింట్లోంచి ఆయన భార్య కేకేశారు.

ఆయన రోజూ జగ్గయ్యపేట నుంచి నందిగామకు బస్సులో వచ్చేవారు. సీటు ఖాళీగా ఉన్నా వెనకే నిలబడేవారు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు జనం ఎటు తూలుతున్నారో చూడటానికట. "కత్తి ఎవడైనా గీస్తాడు. మనిషి బరువు గీయాలిరా" అనేవారు.

నేను విలేకరినయ్యాక ఒక కత్తిపోటు వార్త రాశాను. తెల్లారగానే ఫోన్ చేశారు.

"పొడిచినోడు ఎటుపక్క నిలబడ్డాడో రాయలేదేంట్రా?"

నేను అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అడగకుండా రాయలేదు.

రెండేళ్ళ క్రితం పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి ఆయన కథలన్నీ ఒక పుస్తకంగా వేయాలని ఏర్పాటు జరుగుతోంది. ఒక కథకు మాత్రం చివరి యుద్ధం మిగిలింది. దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. ఎడమచేత్తో మొదలుపెట్టారు. శత్రువు ఎలా నిలబడతాడో చూపించడానికి భార్య అట్లకాడ పట్టుకుని ఎదురుగా నిలబడేవారు.

"నన్ను తొందరగా చంపెయ్యండి, అవతల పాలు పొంగిపోతున్నాయ్" అనేవారావిడ.

నాలుగు పేజీలయ్యాక ఒక తప్పు నా కంటపడింది. వీరుడి కత్తి కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారిపోయింది. చూపించాను. మాస్టారు చూసి నవ్వారు.

"నిజమేరా. నాతోపాటు వాడికీ చెయ్యి మారిపోయింది."

చెరపలేదు. ముందు పేజీలో ఒక బొమ్మ చేర్చారు. అందులో వీరుడి కుడిభుజానికి దెబ్బ తగులుతుంది.

శుక్రవారం ఖబరస్తాన్‌లో మాస్టారికి మట్టి ఇచ్చి వచ్చాక, ఆయన భార్య ఆ కథ కాగితాలు నా ముందు పెట్టారు. అన్నీ సిరాతో పూర్తయ్యాయి, చివరి బొమ్మ తప్ప. అది పెన్సిల్‌తోనే ఉంది. మాస్టారు ముందు పాదాలు, తర్వాత నడుము, భుజాలు గీసి, కత్తులు ఆఖరున గీసేవారు. అక్కడిదాకా రాలేకపోయారు.

"ఎవరిచేతనైనా కత్తులు వేయిద్దామా అమ్మా?"

ఆవిడ కాగితాన్ని నావైపు తిప్పారు.

"ఎందుకు నాయనా? ఎవరు గెలిచారో నీకు తెలవట్లేదా?"

తెలుస్తోంది. ఇద్దరివీ ఖాళీ పిడికిళ్ళే. వీరుడి ముందుకాలు నేలను గట్టిగా తొక్కి ఉంది. రెండోవాడి మడమ అప్పటికే కొద్దిగా లేచింది. దాని కింద పెన్సిల్‌తో ఒక సన్నటి నీడ.