కన్వీనరమ్మ పెట్టిన షరతు

మా కన్వీనరమ్మ గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, ఆ నిదానం చూస్తే మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మాత్రం ఎవరైనా ఆమెని ఒక్క మాటన్నా ఒంటికాలి మీద లేస్తాను.

ఆమె రేడియో ఖగోళ శాస్త్రవేత్త. మొదటి నక్షత్రాలు ఇంకా పుట్టని కాలంలో హైడ్రోజన్ వాయువు పంపిన సంకేతం ఒకటుంది. ఉందో లేదో తెలియనంత సన్నటిది. దాన్ని వెతకడమే ఆమె పని. చాలా దేశాలు కలిసి ఓ పెద్ద రేడియో టెలిస్కోపు కట్టబోతున్నాయి. అందులో మా దేశం ఏ యంత్రం తయారుచేసి ఇస్తుందో, మా వాటా సమయంలో ఏ పరిశోధన చేస్తుందో తేల్చి, ఒకే ఒక్క ప్రణాళిక పంపమన్నారు. అందరినీ ఒక మాట మీదకి తెచ్చే కన్వీనర్‌గా ఆ భారం ఈమె నెత్తిన పడింది.

ఇదివరకు ఇలాంటి టెలిస్కోపే కట్టినప్పుడు మా పెద్దలు ఒక మాట మీదకి రాలేక ఎవరి కాగితం వారు పంపారు. అవతలివాళ్ళు మర్యాదగానే, మీలో మీరు తేల్చుకుని రండని తలుపేశారు. అప్పట్లో ఈమె విద్యార్థిని. పరాయివాళ్ళు వాడుకోగా మిగిలిన డేటా బతిమాలి తెచ్చుకుని థీసిస్ రాసింది. తన విద్యార్థులకి ఆ గతి పట్టకూడదని ఆమె పంతం.

పంతం సరే, చెడగొట్టడానికి మేమున్నాం కదా. నాది సూర్యుడి గుంపు. ఎదురుగా పల్సార్ల గుంపు. పల్సార్లంటే తు.చ. తప్పకుండా టిక్కు టిక్కుమని సంకేతాలు పంపే చచ్చిపోయిన నక్షత్రాలు. అందుకే వాళ్ళ పెద్దాయన్ని గడియారం మాస్టారంటాం. ఆయన మాత్రం ఏ మీటింగుకీ టైముకి రారు. "ఎండ తెలియడానికి టెలిస్కోపు దేనికయ్యా?" అని ఆయన నలుగురిలో నవ్వినప్పటినుంచీ ఆయనకీ నాకూ ఉప్పూ నిప్పూ వ్యవహారం.

మొదటి మీటింగు మా సెమినార్ గదిలో జరిగింది. ఏసీ నీళ్ళు కారుతుంటే కింద బకెట్ పెట్టారు. మా అరుపుల్లో ఆ బకెట్ నిండి పొర్లినా ఎవరూ చూడలేదు. కన్వీనరమ్మే లేచి దాన్ని పారబోసి వచ్చి, కొత్త షరతు పెట్టింది.

"వచ్చే మీటింగులో ఎవరూ తమ సంగతి చెప్పకూడదు. సూర్యుడి గురించి మాస్టారు చెప్తారు. పల్సార్ల గురించి మీరు చెప్పండి."

"అంతకంటే నన్ను చంపెయ్యండి మేడమ్."

"చంపేస్తే పల్సార్ల గురించి ఎవరు చెప్తారు?"

ఈ ఉపాయం ఆమె అత్తగారిదని తర్వాత తెలిసింది. ఈమెకీ తోడికోడలికీ మాటామాటా వస్తే ఆవిడ ఎవరి గోడూ వినేవారు కాదట. "నీ గోడు నాకు తెలుసులే, దాని గోడేంటో చెప్పు" అనేవారట.

తిట్టుకుంటూనే పల్సార్ల గురించి చదివాను. చదివేకొద్దీ తిట్లు తగ్గాయి. మాస్టారు ఆ రోజు టైముకే వచ్చి, సౌర తుఫాను వస్తే ఉపగ్రహాలకీ కరెంటు లైన్లకీ ఏం ముప్పో చెప్పారు. నేనైనా అంత బాగా చెప్పలేను. సంతోషంతో పాటు కొంచెం కుళ్ళు కూడా కలిగింది. చెప్పుకుంటూ పోతుంటే, రెప్పపాటులో మారిపోయే సంకేతాల్ని పట్టే యంత్రమే మా ఇద్దరికీ కావాలని తేలింది. అదే తయారుచేద్దామన్నాం. గదంతా చప్పట్లు.

కన్వీనరమ్మ రాసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు మాస్టారు అడిగారు.

"మరి నీ హైడ్రోజన్ గురించి ఎవరు చెప్తారమ్మా?"

"కన్వీనర్‌కి పక్షం ఉండకూడదు సార్. ఒక మాట మీదకి వచ్చాం, అది చాలు."

"అదెలా కుదురుతుంది? షరతు అందరికీ ఒకటే."

ఆయనే లేచి మొదలుపెట్టారు. అన్నీ తప్పులే. నక్షత్రాలు పుట్టాక వచ్చిన సంకేతమన్నారు, గంటసేపు వింటే దొరికిపోతుందన్నారు. తన సంగతి తాను చెప్పకూడదు కాబట్టి ఆమె కలం బిగించి పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. చూడలేకపోయాను.

"పుట్టకముందు, మాస్టారూ!" అని అరిచాను.

"గంట కాదండీ, నెలల తరబడి ఆకాశంలో ఒకే చోటు వినాలి" అన్నారు వెనక నుంచి ఎవరో. యాంటెన్నాలు చేసే ఇంజినీరమ్మ బోర్డు దగ్గరికెళ్ళి బొమ్మ గీసింది. టీ తాగుతూ, మెట్లెక్కుతూ ఇన్నేళ్ళుగా ఆమె చెప్తుంటే మేం వినీ విననట్టు ఊరుకున్న మాటలన్నీ ఒక్కొక్కరి నోటా బయటికొచ్చాయి. మాకే ఆశ్చర్యమేసింది.

"అన్ని నెలల సమయం ఎక్కణ్ణుంచి తెస్తాం?" అన్నాను.

మాస్టారు నావైపు తిరిగారు. "మీ సూర్యుడు రాత్రిపూట రాడుగా? నా పల్సార్లకి మధ్యలో కాస్త టైమిస్తే చాలు. రాత్రుళ్ళు ఆమెకిద్దాం."

సమయం కోసం అన్నాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. ఆకాశం తప్ప వేరే లోకం ఎరగని మాలో ఒక్కరికీ ఈ ముక్క తట్టలేదు.

సాయంత్రం ఆమెని ఇంటి దగ్గర దింపాను. అత్తగారు మంచమ్మీద కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతున్నారు. టెలిస్కోపు బొమ్మ చూసినప్పటినుంచీ ఆవిడ దాన్ని గొడుగంటారు.

"తేలిందా మీ గొడుగు సంగతి?"

"తేలింది అత్తయ్యా. ఒకే కాగితం పంపుతున్నాం."

"నీ తరఫున ఎవరు మాట్లాడారు?"

కన్వీనరమ్మ ఏదో చెప్పబోయింది. అంతలోనే కళ్ళు తుడుచుకోవడానికి మడత పెట్టిన తువ్వాలు తీసుకుంది.

"గదిలో ఉన్నవాళ్ళమంతా మాట్లాడామమ్మా, ఈవిడ తప్ప" అన్నాను నేను.