వేరే గిన్నెలో మలీద

సద్దుల బతుకమ్మ సాయంత్రం మడికొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కితే చాలు, వేడి రొట్టెలో బెల్లం, నెయ్యి కలిపి పిసికిన మలీద వాసన ముక్కుకు తగులుతుంది. మా అంతస్తు రాకముందే నేను వరంగల్‌లోని పాత గల్లీకి చేరిపోతాను.

ఆ గల్లీలో క్రైస్తవులమంటే మేమొక్కరమే. మా ఎదురింట్లో కిరాణా కొట్టు వాళ్ల కమలమ్మ పెద్దమ్మ ఉండేది. వానలు వెనకపట్టే ఆ రోజుల్లో ప్రతి అరుగు మీదా తంగేడు పూలు, గునుగు పూలు పరచి ఉండేవి. పిల్లలం గునుగు పూలకు రంగులద్దుతూ, ఆ రంగులు గౌన్లకీ చెంపలకీ పూసుకుని ఇళ్లకు వెళ్లి తిట్లు తినేవాళ్లం. నాన్న చర్చిలో వాక్యం చదివే మనిషి. ఇంట్లో ఆయన చెప్పేవి రెండే: విగ్రహానికి పెట్టింది తినొద్దు, ప్రేమగా పెట్టింది కాదనొద్దు. ఈ రెండూ ఒకనాడు ఒకే గిన్నెలో వస్తాయని ఆయనకూ తోచినట్టు లేదు.

ఒక ఏడాది ఆ రెండూ కలిసే వచ్చాయి. అంతకు ముందే తమ్ముడికి టైఫాయిడ్ వస్తే, అమ్మతో పాటు దవాఖానలో కూర్చుని వాడికి గంజి తాగించింది కమలమ్మ పెద్దమ్మే. సద్దుల నాటి సాయంత్రం ఆమె పట్టుచీర కట్టుకుని, స్టీలు గిన్నెలో మలీద ముద్దలు పట్టుకుని మా గడపలో నిలబడింది. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నేల వైపు చూశాడు. తీసుకుంటే ఆయన నమ్మకం పోతుంది, వద్దంటే పెద్దమ్మ మనసు విరుగుతుంది. ఆమె ఇక మా గడప తొక్కదేమోనని నాకు ఏడుపొక్కటే తక్కువ.

పెద్దమ్మ మా ముఖాలు చూసి నవ్వింది.

"ఫికర్ చేయకు తమ్మీ," అంది నాన్నతో. "గౌరమ్మకు పెట్టకముందే మీకు వేరే గిన్నెల తీసిన. ఇది ఒట్టి పలారమే."

నాన్న రెండు చేతులా అందుకున్నాడు. అబ్బ, మా అందరికీ పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది! తమ్ముడైతే నాన్న చేతిలో ఉండగానే గిన్నెలో చెయ్యి పెట్టాడు.

మర్నాడు పెద్దమ్మ వాళ్ల అత్త కేకలు మా ఇంటిదాకా వినిపించాయి. "గౌరమ్మ కంటె ముందు ఎవలకో తీసిపెడ్తవా?" వాళ్లింట్లో నైవేద్యం కాకముందు ఎవరికీ ఏదీ తీయరని మాకు అప్పుడే తెలిసింది. మా నియమం నిలవాలని ఆమె తన నియమం తప్పింది. నాన్న ఆ పూట అన్నం సరిగా తినలేదు. కొన్నాళ్లకు ఆ అత్తే తమ్ముణ్ణి పిలిచి బెల్లం ముక్క పెట్టాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు. క్రిస్మస్ ముందు అమ్మతో, "కమలక్క గుడ్డు ముట్టది గద, కేకుల ఎయ్యకు," అన్నాడు. ఆ కేకు ఇటుకలా వచ్చింది. పెద్దమ్మ దాన్ని చాయ్‌లో ముంచుకుని, మస్తుగున్నదంటూ తింది.

ఇప్పుడు ఆ గల్లీలో అరుగులు లేవు. పలారాలు దుకాణం డబ్బాల్లో వస్తున్నాయి. నాన్న లేడు, కమలమ్మ పెద్దమ్మ పోయి కూడా ఏళ్లయింది. మా కేకు మాత్రం ఇంకా గట్టిగానే ఉంటుంది. పోయిన క్రిస్మస్‌కు అమ్మతో అన్నాను, "ఇప్పుడన్న గుడ్డు ఏద్దామే, మెత్తగ వస్తది," అని.

అమ్మ పిండి కలుపుతూనే, "మరి కమలక్కకెట్ల పెడుదుం?" అంది.