బాపట్ల నుంచి వచ్చిన బూరెలు

మొన్నీమధ్య మా తమ్ముడి మనవరాలు తెనాలిలో బ్యాంకు ఉద్యోగంలో చేరి అక్కడే ఓ లేడీస్ హాస్టల్లో దిగిందంటే, పిల్ల ఎలా ఉందో చూసొద్దామని రేపల్లెలో రైలెక్కి, ఒళ్ళో గిన్నెడు పులిహోర పెట్టుకుని బయల్దేరాను. గదిలో నాలుగు మంచాలు, నలుగురు ఆడపిల్లలు. మధ్యాహ్నం కాగానే గుమ్మంలోకి నాలుగు పొట్లాలు వచ్చాయి. ఎవరి పొట్లం వాళ్ళు తీసుకుని, ఎవరి మంచం మీద వాళ్ళు కూర్చుని, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ తినేశారు. నా పులిహోర తలో కాస్త పెడితే ముచ్చటపడి తిన్నారనుకోండి, మర్యాద తెలిసిన పిల్లలే. కానీ పక్క మంచం అమ్మాయిది ఏ ఊరే అని మా పిల్లని గుసగుసగా అడిగితే, పొన్నూరో, ఆ చుట్టుపక్కల ఇంకేదో అంది. కలిసి ఉండబట్టి ఆర్నెల్లయింది మరి! తిరుగు రైల్లో కూర్చున్నాక ఒకటే ఆలోచన, మేం వీళ్ళకంటే మేలా, కాదా అని. మేలేనని గట్టిగా అనుకోబోతే బాపట్ల బూరెలు గుర్తొచ్చి నోటికి అడ్డం పడ్డాయి. ఆ సంగతి చెబుతాను, నా ఈడువాళ్ళు మీరైనా తేల్చండి, నాకైతే ఆనాడూ బోధపడలేదు, ఈనాడూ బోధపడలేదు.

నేను తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన రోజుల మాట ఇది. ట్రంకు కాల్ బుక్ చేసి జనం గంటలకొద్దీ కాసుక్కూర్చునే కాలం. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళందరికీ వాళ్ళ వాళ్ళ చుట్టాల గొంతులు కలిపి ఇచ్చేదాన్ని గానీ, మా ఇంట్లో ఫోను లేక మా అమ్మ గొంతు వినే యోగం నాకు లేదు. అమ్మ నుంచి నాకొచ్చే కబురల్లా క్యారేజీయే. రేపల్లె పాసింజర్లో రోజూ తెనాలికి వచ్చిపోయే మా బాబాయి ఒకాయన ఉండేవాడు, ఆయన చేతికి అమ్మ క్యారేజీ ఇచ్చేది, నేను స్టేషనుకెళ్ళి తెచ్చుకునేదాన్ని. గోంగూర కాస్త మాడితే అమ్మకి ఒంట్లో బాగాలేదనీ, పప్పులో పోపు ఘుమఘుమలాడితే నాన్న ఊళ్ళో ఉన్నాడనీ నేను అర్థం చేసుకునేదాన్ని.

ఓ ఇంటి మేడమీద గదిలో ముగ్గురం ఆపరేటర్లం అద్దెకుండేవాళ్ళం. కొల్లిపర అక్క మా ఇద్దరికంటే పెద్దది, మనిషి భారీ, మాట ఇంకా భారీ. వాళ్ళ ఊరి బస్సులో గడ్డపెరుగు, అరటికాయలు, నెయ్యీ వచ్చేవి ఆవిడకి. మూడోది బాపట్ల పిల్ల. లూథరన్ మిషను క్రైస్తవుల అమ్మాయి, సన్నగా, నెమ్మదిగా, అడిగితే తప్ప మాట్లాడని మనిషి. ఆ పిల్లకి వాళ్ళ ఊరి నుంచి రైల్లో వచ్చే క్లర్కుగారొకరు డబ్బా తెచ్చిచ్చేవారు. మాది నీచు ముట్టని ఇల్లు, అంటూ సొంటూ చూసుకోమని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది కాబట్టి మొదట్లో నేను గోడవైపు తిరిగి తినేదాన్ని. నాకు ఇబ్బందని ఆ పిల్ల డబ్బా పట్టుకుని వరండాలోకి పోయేది. నాలుగు రోజులు చూసి కొల్లిపర అక్కకి ఒళ్ళు మండింది. ఇదేం కాపురమే, తలో దిక్కున తిని ఎవరికి పుణ్యం అని గదమాయించి, ముగ్గురి గిన్నెలూ లాక్కొచ్చి గది మధ్యలో చాప మీద పెట్టింది. ఆ రోజు బాపట్ల డబ్బాలో రొయ్యల కూర అక్కకి పోయింది, బంగాళాదుంప వేపుడు నాకొచ్చింది, అడుగున విడిగా కట్టిన చిన్న ఉప్పు పొట్లం కూడా ఉంది. ఒక ముద్ద తిని, మీ అమ్మగారి చేయి ఎంత బాగుందే అన్నాను. ఆ పిల్ల గోడకేసి చూసి ఊఁ అంది.

ఆ ఊఁ దగ్గరే వచ్చింది చిక్కంతా. మీకు దాపరికం ఎందుకు, ముందే చెప్పేస్తున్నాను, ఆ తల్లి అప్పటికే లేదు, ఆ పిల్ల చదువుకునే రోజుల్లోనే పోయింది. వండి పంపేది వాళ్ళ నాన్న. మొదటి ముద్ద దగ్గర చెప్పని మాట రెండో రోజు చెప్పడం కష్టం, నెల గడిచాక చెప్పడం అసలే కష్టం. అందుకని ఆ పిల్ల చెప్పలేదు, మేం ఎరగం. రోజూ మీ అమ్మ, మీ అమ్మ అంటూ లొట్టలేసేవాళ్ళం.

ఇది ఇంతటితో ఆగితే బాగానే ఉండేది. ఒక రోజు డ్యూటీకి తొందరై గిన్నెలు తారుమారు చేసి, బాపట్ల డబ్బాని నా క్యారేజీ సంచీలో పెట్టి రేపల్లె పంపేశాను. ఆ రోజుల్లో స్టీలుగిన్నె కొంటే షాపువాడి చేతే పేరు కొట్టించేవాళ్ళం కదా, ఆ డబ్బా మీద ఆ పిల్ల వాళ్ళమ్మ పేరు చక్కగా ఉంది. మా అమ్మ దాన్ని చింతపండు పెట్టి, ముగ్గు పెట్టి తోమి, కాసేపు నన్ను తిట్టుకుని, పొరుగింటి గిన్నె ఉత్తిది తిరిగి పంపకూడదు కాబట్టి దాన్నిండా కందిపొడి పోసి, పైన ఓ జాకెట్టు ముక్క మడిచి పెట్టి, ఫలానా ఆవిడకివ్వమని పేరు చదివి మరీ బాబాయితో కబురు చేసింది. వాళ్ళు బొట్టు పెట్టుకోరు కదా అని కుంకం మాత్రం మానేసింది. ఆ పిల్ల జాకెట్టు ముక్క అందుకుని తడిమి చూసి, పెట్టెలో దాచుకుంది.

అక్కడ బాపట్లలో ఆ నాన్న కూడా గిన్నె ఉత్తిది పంపే మనిషి కాదు. పై వారం అదే డబ్బాలో కందిపొడే తిరిగొచ్చింది, కాస్త ఎర్రగా, కాస్త బరకగా. నేను సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు కొంచెం అమ్మకి రుచి చూపిస్తే అమ్మ మొహం మాడ్చుకుంది. నేను పంపిందే తిప్పి పంపడమేంటి, ఆవిడ నాకు చేసి చూపిస్తోందా ఏంటి అంది. పట్టుదలకి పోయి సున్నుండలు పంపింది. పది రోజుల్లో సున్నుండలు వచ్చాయి, చిట్టిపొట్టివి, పట్టుకుంటే రాలిపోయేవి. పూర్ణం బూరెలు పంపింది. బూరెలూ వచ్చాయి, ఒక్కటీ గుండ్రంగా లేదు, అన్నీ పగిలి పూర్ణం బయటికొచ్చి మాడినవే. అమ్మ ఈసారి కోపం మరచిపోయి తెల్లబోయింది. ఎదిగిన కూతురున్న ఇల్లాలు, బూరె వెయ్యడం రాకపోవడమేమిటే అని నన్నడిగితే నేనేం చెబుతాను. ఆయన మా అమ్మ పంపినవి రుచి చూసి, చూసి, కూతురి కోసం ఒక్కొక్కటే నేర్చుకుంటున్నాడని నాకేం తెలుసు.

ఇలా ఉండగా మా మేనత్త కొడుకు బాపట్లలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి వెళ్తూ ఆ మహాతల్లిని కూడా చూసి వస్తానని అమ్మ కబురు పంపింది. నేను సంబరంగా గదిలో చెప్పాను. ఆ పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అమ్మ ఊళ్ళో ఉండదేమో అంది, మర్నాడు అమ్మకి ఒంట్లో బాగోదంది, ఆ మర్నాటి నుంచీ చాప దగ్గరికే రావడం మానేసి హోటల్లో తినడం మొదలెట్టింది. చివరికి నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని కింద ఇంటావిడతో చెప్పేసిందని మాకు తెలిసింది. నువ్వే మడీ మైలా అని ఏదో అని ఉంటావని అక్క నామీద విరుచుకుపడింది. నీ గురక భరించలేకే పోతోందని నేనన్నాను. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ పిల్ల వెళ్ళిపోతే ఆ గదిలో ఎలా ఉండాలో నాకు తోచలేదు, దిగులుగా ఉండేది. ఎందుకు పోతోందో తెలియకపోవడం అంతకంటే దిగులు.

గృహప్రవేశం నాడు భోజనాలయ్యాక అమ్మా నేనూ వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళ్ళాం. చిన్న పెంకుటిల్లు. తలుపు తీసిన పెద్దమనిషి లుంగీ మీదున్నాడు, మోచేతుల దాకా పిండి. లోపల్నుంచి నూనె కాగుతున్న వాసన. అమ్మ ఊరూ పేరూ చెప్పుకుని, వదినగారు లేరా అన్నయ్యగారూ అంది. ఆయన పిండి చేతులకేసి చూసుకుంటూ, మా అమ్మాయి మీకు చెప్పలేదన్నమాటండి అన్నాడు. తర్వాత మెల్లిగా అంతా చెప్పాడు, ఆవిడ పోవడం, పిల్లకి ఉద్యోగం వచ్చాక హోటలు తిండి తిని పాడైపోతుందని తనే పొయ్యి దగ్గరికి చేరడం, మా అమ్మ డబ్బా వచ్చినప్పుడల్లా ఇందులో ఏం వేశారబ్బా అని కూర్చుని ఆలోచించడం. పొయ్యి మీద ఉన్నవి బూరెలేనండీ, ఎన్నిసార్లు వేసినా పగిలిపోతున్నాయి అని సిగ్గుపడ్డాడు.

మా అమ్మ బయట మంచినీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి. అలాంటిది కొంగు నడుంలో దోపుకుని ఆ వంటింట్లోకి నడిచింది, నేను నోరు తెరుచుకుని చూస్తుండగా. పైపిండి పలుచనైపోయిందన్నయ్యా అంటూ గుప్పెడు బియ్యప్పిండి కలిపి, పూర్ణం ముంచి నూనెలో వదిలి చూపించింది. రెండోది ఆయన వేశాడు. అది గుండ్రంగా పొంగితే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మేం బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట అడిగాడు.

"మీకు తెలిసినట్టు మా అమ్మాయికి తెలియనివ్వకండమ్మా. అది చెప్పలేదంటే, చెప్పే ధైర్యం దానికింకా రాలేదన్నమాట."

తెనాలిలో బండి మారి నేనూ అమ్మతో రేపల్లె బయల్దేరాను. వేమూరు దాటాక అమ్మ, ఆ ఇంటికి తాళం వేసుంది, ఎవరూ కనపడలేదు, మళ్ళీ వెళ్ళే ఓపిక మా అమ్మకి లేదు అని ఆ పిల్లతో చెప్పమంది. అబద్ధమెందుకమ్మా అంటే, నీకు తెలియదు ఊరుకో అంది. మర్నాడు నేను తెనాలి వచ్చి గదిలో అదే అప్పజెప్పాను. బాపట్ల పిల్ల నన్ను కాస్త ఎక్కువసేపే చూసి, అలాగా అంది. ఆ మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని చాప మీద కూర్చుంది. గది ఖాళీ చేసే మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వారం బూరెలు గుండ్రంగా వచ్చాయి. అక్క రెండు నోట్లో కుక్కుకుని మీ అమ్మ చేయి తిరిగిందే అంది. ఆ పిల్ల ఊఁ అంది, నేను తల వంచుకుని తిన్నాను. అమ్మ జాకెట్టు ముక్కలు మాత్రం మానలేదు, పండగకీ పబ్బానికీ ఆవిడ పేరు చెప్పి పంపుతూనే ఉంది. ఆవిడ లేదని తెలిసీ ఎందుకమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

మూడేళ్ళయ్యాక ఆ పిల్లకి నెల్లూరు బదిలీ అయింది. అక్కా నేనూ స్టేషనుకి వెళ్ళాం. రైలు కదలబోతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"మా ఇంటికి తాళం వేసే అలవాటే లేదే. తాళమని నువ్వన్నప్పుడే, మీకు సంగతి తెలుసని నాకు తెలిసిపోయింది. ఏదో ఒక రోజు మీలో ఎవరైనా మా అమ్మ సంగతి అడుగుతారని చూశాను."

అంతలో రైలు పోయింది. పక్కన అక్క ముక్కు చీదుకుంటూ, నాకు మొదటి నుంచీ తెలుసు, ఏ అమ్మైనా క్యారేజీలో ఉప్పు పొట్లం విడిగా కట్టి పంపుతుందా, తక్కువైతే వేసుకోమని అంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ ఒక్కటీ మూడేళ్ళు కడుపులో దాచుకుంది, ఆనాడు నామీద విరుచుకుపడిందీ అది బయటపడకూడదనేనేమో! అంటే మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురం ఒకరి కోసం ఒకరం తెలియనట్టు నటిస్తూ లేని మనిషి చేతివంటని రోజూ మెచ్చుకున్నాం. ఆ పిల్లకి ధైర్యం రాలేదని వాళ్ళ నాన్న అనుకున్నాడు. మేం అడగలేదని ఆ పిల్ల అనుకుంది. ఎవరిది ఒప్పో ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

ఈ కాలపు పిల్లలు ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టరు, నిజమే. కానీ ఆ హాస్టల్లో నేనున్న కాసేపట్లోనే ఒక పిల్ల, మా డాడీ మాతో ఉండరు అమ్మమ్మా అని ఆవగింజంత బెరుకైనా లేకుండా చెప్పేసింది. మిగతావాళ్ళు అలవాటైన మాటలా విని ఊరుకున్నారు. మా కాలంలో తిండి ముందు దాపరికం లేదు, మాట ముందు అంతా దాపరికమే. అదే మర్యాద అనుకున్నాం, స్నేహం అని కూడా అనుకున్నాం, కాదని నేను ఇప్పటికీ అనలేను. ఒక్క చాప మీద మూడేళ్ళు తిన్నాం. మీ అమ్మ ఎలా ఉండేదే అని ఒక్కనాడు అడిగి ఉంటే, ఆ పిల్ల ఎన్ని కబుర్లు చెప్పి ఉండేదో.