నిండు గ్లాసు

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద, బీహార్ నుంచి వచ్చినాయన చాయ్ బండి దగ్గర, మా టీమ్‌లోని వరంగల్ మనిషీ నేనూ రోజూ వన్ బై టూ చెప్పేవాళ్లం. ఒక్క చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోయించి, ఎక్కువ నిండినది అతను ఎప్పుడూ నా వైపే జరిపేవాడు.

అతనికి చరిత్ర పుస్తకాల పిచ్చి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి, పనుల్లేక అల్లాడుతున్న జర్మన్లను యూదుల మీదికి ఎలా రెచ్చగొట్టారో ఒకసారి చాయ్ తాగుతూ చెప్పాడు.

"మీరు ఓడిపోలే, మీ నడుమ ఉన్నోళ్లే ఓడగొట్టిన్రు అని చెప్పిన్రన్నా. ఆకలైనోనికి గా మాట అన్నం లెక్క అనిపిస్తది."

ఇంత తెలిసినవాడు ఆ వలలో పడడనుకున్నాను.

నిరుడు అతని ఉద్యోగం పోయింది. ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లినా పని దొరకలేదు. కిరాయి కట్టలేక మణికొండలో గది ఖాళీ చేశాడు. నా ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు.

మొన్న బయటి రాష్ట్రాలవాళ్ల బండ్లు ఎత్తేయించడానికి వచ్చిన గుంపులో, మెడలో కండువాతో కనిపించాడు. చాయ్ ఆయన అతణ్ణి గుర్తుపట్టి, అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో పోసి పెట్టాడు.

"నువ్వు చెప్పిన కథే కదా ఇది?" అన్నాను.

"మనం ఓడిపోలే అన్నా. వీళ్లే ఓడగొట్టిన్రు."

నా మొహం చూడకుండానే నిండు గ్లాసు నా వైపు జరిపాడు. నేను అందుకునేదాకా ఆగాడు. ఆ తర్వాత అదే చేత్తో బండిని పడదోశాడు.