సీలర్ పడేదాకా పసుపు వద్దు

వీరబ్రహ్మం తలుపులు చేయడు, ఎవరో చేసిన తలుపులకు పాలిష్ పెడతాడు. ఈ తేడా తెలియక వడ్రంగి మేస్త్రీ అని పిలిచినవాళ్లను ఒకప్పుడు ఆగి మరీ దిద్దేవాడు. ఇప్పుడు దానికీ ఓపిక లేదు, ఏ పేరుతో పిలిచినా పలుకుతున్నాడు. ధవళేశ్వరం నుంచి తణుకు దాకా ఆయన చేతి మీదుగా నిగనిగలాడిన సింహద్వారాలు ఎన్ని ఉన్నాయో ఆయనకే గుర్తు లేదు. సొంతింటి వీధి తలుపు మాత్రం రేకుది. అద్దెకున్న రోజుల్లో తలుపు ఇంటివాళ్లది కదా అనుకున్నాడు, సొంతిల్లు కట్టాక మంచి కర్ర కొందాంలే అనుకున్నాడు, అనుకుంటూ ఉండగానే ముప్పై ఏళ్లు గడిచాయి.

ఆ ముప్పై ఏళ్లలో ఆయన ఎక్కువసార్లు పలికిన మాట ఏదంటే, "సీలర్ పడేదాకా పసుపు ముట్టించకండమ్మా" అన్నదే. సీలర్ అంటే కర్ర మీద పడే మొదటి పూత. అది పడనంతవరకు కర్ర ఏ తడి తగిలినా తాగేస్తుంది. కొత్త గుమ్మం లేచిన ఇంట్లో ఆడవాళ్ల చేతులు ఊరుకోవు. శుక్రవారం వచ్చిందంటే పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని తయారు. పచ్చి కర్రకు పసుపు తగిలితే పైన ఎన్ని పూతలు వేసినా ఆ మచ్చ కిందనుంచి తొంగిచూస్తూనే ఉంటుంది. అందుకే పనిలో దిగిన రోజే ఇంటావిడను పిలిచి ఆ మాట చెప్పేవాడు. పని అప్పజెప్పే రోజున మళ్లీ పిలిచి, "ఇక పసుపు రాసుకోవచ్చండి" అనేవాడు. ఆ మాట అన్నాక పూత కొట్టే స్ప్రే గన్ను కడిగి సంచిలో పెట్టుకోవడమే.

ఈ వేసవిలో డాక్టరు ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, స్ప్రే పని మానేయాలన్నాడు. తగ్గించమనలేదు, మానేయమన్నాడు. పూతలో కలిపే థిన్నరు ఆవిరి ఊపిరితిత్తుల్ని అంతగా తినేసింది. వీరబ్రహ్మం వాదించలేదు. నిజానికి ఆ మాట ఎవరో ఒకరు అంటే బాగుండునని రెండేళ్లుగా లోలోపల అనుకుంటున్నాడు. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాల్సి వస్తున్న మనిషికి మానేయమనడం శిక్షలా అనిపించలేదు. సిగ్గుగా అనిపించిందంతే.

సరిగ్గా అప్పుడే కూతురు లావణ్యకు పార్శిల్ వచ్చింది. ఆ పిల్ల రాజమండ్రిలో ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరు, సెలవుల్లో ఒక ట్రూపుతో పెళ్లిళ్లకు గిటారు వాయిస్తుంది. ఇన్నాళ్లూ వాయించింది ట్రూపు వాళ్ల గిటారే. వచ్చే నెల తణుకులో పెద్ద ప్రోగ్రాం ఉంది, సొంత గిటారు ఉంటేనే రమ్మన్నారు. రెడీమేడ్‌ది కొనలేక ఎలక్ట్రిక్ గిటారు కిట్టు తెప్పించుకుంది. డబ్బాలో చెక్క బాడీ ఒకచోట, మెడ ఒకచోట, తీగలు, మరలు, వైర్లు విడివిడిగా ఉన్నాయి. బాడీకి ఏ పూతా లేదు. లావణ్య దాన్ని తండ్రి ఒళ్లో పెట్టి, కర్ర గీతలు కనబడేలా చేసిపెట్టమని అడిగింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. లేత రంగు కర్ర, ఎక్కడా ముడి లేదు, నడుమ నీళ్ల చారల్లాంటి గీతలు. ఇదే ఆఖరి పని, మచ్చ లేకుండా చేయాలి అనుకున్నాడు. వారం పాటు రోజూ కాసేపు గరుకు కాగితంతో రుద్దాడు. పది నిమిషాలు రుద్దడం, ఇరవై నిమిషాలు అరుగు మీద కూలబడడం. ఒకప్పుడు పూటలో సింహద్వారం రుద్దేసిన చేతులు గిటారు బాడీకి వారం తీసుకున్నాయి. గురువారానికి అది అరచేతికి పట్టుగుడ్డలా తగిలింది. శనివారం ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎలాగోలా సీలర్ కొట్టేద్దామని బల్ల మీద ఉంచి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న లేచి చూస్తే బాడీ కింది అంచున తడి పసుపు, మూడు వేళ్ల వెడల్పున. దాని మీద కుంకుమ బొట్టు.

ముప్పై ఏళ్లు ఊరందరికీ చెప్పిన మాట సొంత భార్య బేబీకి చెప్పడం మరిచిపోయాడు. ఇంట్లో ఎప్పుడైనా పని చేసుంటే కదా చెప్పడానికి. బేబీ వంటింట్లోంచి చూసి, ఆయన మొహం చూడగానే తాను చేసిన పొరపాటు తెలిసి అక్కడే ఆగిపోయింది. ఆయన బాడీని ఎత్తుకుని డాబా మీదికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి.

ఎండలో పెడితే పసుపు పోతుందని చీర ఉతికే ప్రతి మనిషికీ తెలుసు. రెండు రోజులు బాడీని డాబా మీద ఎండబెట్టాడు. పసుపు లేతబడింది కానీ, కుంకుమ చెక్కు చెదరలేదు. కొట్లో అమ్మే కుంకుమలో ఏం రంగు కలుపుతారో ఏమో, లోపలికి దిగిపోయింది. పైగా మృగశిర కార్తె దగ్గరపడింది, ఆకాశం మబ్బుపట్టింది. చెమ్మలో పూత వేస్తే తెల్లబారుతుంది. ఇంక ఆగడానికి లేదని మూడో రోజు గరుకు కాగితం తీసుకుని ఆ బొట్టు మీద రుద్దడం మొదలుపెట్టాడు. కోపంతో రుద్దాడు, ఒంట్లో సత్తువ ఎంతో మరిచిపోయి రుద్దాడు. దగ్గు తెర కమ్మి బల్ల పట్టుకుని వంగిపోయాడు. బొట్టు అంచు కూడా చెరగలేదు.

బేబీ వచ్చి ఆయన చేతిలోంచి కాగితం తీసేసుకుంది. మంచినీళ్లిచ్చి, దగ్గు తగ్గేదాకా వీపు రాస్తూ నిలబడి, అప్పుడంది.

"ఊళ్లో వాళ్లందరి గుమ్మాలకీ పాలిష్ పెట్టారండి. వాళ్లందరూ మీరు చేసినదానికి పసుపు రాసుకున్నారు. మనింట్లో మీ చేత్తో చేసిన వస్తువు, నేను బొట్టు పెట్టడానికి, ఇదొక్కటే కదండీ."

వీరబ్రహ్మం రేకు తలుపు వైపు చూశాడు. ఆ తలుపు కింద సిమెంటు గడపకు బేబీ ప్రతి శుక్రవారం పసుపు రాస్తూనే ఉంది, ఆయన ఏనాడూ చూడలేదు. ఆయనకు చాలా సిగ్గేసింది. ఎక్స్‌రే చూసినప్పటికంటే ఎక్కువ.

సాయంత్రం లావణ్య వచ్చాక ఆయన జరిగింది చెప్పాడు. రంగు వేసి దాచేయొచ్చన్నాడు, లేదా ఉంచేయొచ్చన్నాడు. ఆ పిల్ల బొట్టు మీద వేలు పెట్టి చూసి, తల్లి వైపు చూసింది. "ఉండనీ నాన్నా," అంది.

ఉంచడం తీసేయడం కన్నా కష్టం. గుడ్డతో పూత వేస్తే థిన్నరుకు కుంకుమ కరిగి బాడీ అంతా ఎర్రబారుతుంది. గన్నుతోనే కొట్టాలి, అదీ మంచు పడ్డట్టు పలచగా. గన్ను ఆయన పట్టకూడదు. మర్నాడు మబ్బు విడిచిన ఒక పూట చూసుకుని లావణ్య మాస్కు కట్టుకుని పెరట్లో నిలబడింది. బాడీని బట్టల తీగకు వేలాడదీశారు. వీరబ్రహ్మం గాలి వచ్చే వైపున, దూరంగా, గోడ దగ్గర కుర్చీ వేసుకుని చేత్తో సైగలు చేశాడు. దూరం జరుగు. చెయ్యి ఆపకు. తడపకు. మొదటి పూత ఆ పిల్ల కొంచెం ఎక్కువే కొట్టింది. బొట్టు ఒకవైపు సన్నగా చెదిరింది. లేచి గన్ను లాక్కుందామని ఆయన చేతులు కుర్చీ అంచులు పట్టుకున్నాయి. లేవలేదు. మిగిలిన పూతలు సరిగ్గా పడ్డాయి.

రెండు రోజులు ఆరాక లావణ్య ఫోన్లో చూసుకుంటూ మెడ బిగించి, వైర్లు అతికించి, తీగలు కట్టింది. తణుకు బయల్దేరే పొద్దున గిటారు బల్ల మీద ఉంది. కర్ర గీతలన్నీ కనబడుతున్నాయి, కింది అంచున చెదిరిన బొట్టు కూడా.

బేబీ తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ దూరంగానే నిలబడింది. పూత పడ్డాక ఈ పది రోజుల్లో ఆవిడ దాన్ని తాకలేదు. వీరబ్రహ్మం కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, కొత్త ఇంట్లో ఇంటావిడ ముందు నిలబడినట్టే భార్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దగ్గు వస్తుంటే ఆపుకున్నాడు.

"సీలర్ పడిందండి. ఇక పసుపు రాసుకోవచ్చండి."