అక్క చెప్పిన ఎలుగుబంటి

ఆ బొమ్మల సీరియల్ మళ్ళీ వస్తోందని ఫోనులో చూసిన రోజు చేతిలోని కత్తెర కింద పడేసి లేచి నిలబడ్డాను. తిరుచానూరులో నేను బ్లౌజులు కుట్టే కొట్టు అది. ఎదురుగా కొలతలు ఇస్తున్న ఆవిడ హడలిపోయింది. ముప్ఫై దాటిన మనిషి కార్టూను కోసం ఎగరడమేమిటని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. సంతోషం వచ్చింది నిజమే, కానీ కింద రాసిన ముక్క చదివి మళ్ళీ కూలబడ్డాను. ఈసారి తెలుగులో వస్తుందట.

తెలుగులో వస్తే నాకేం బాధ అంటారేమో. మా చిన్నప్పుడు పాకాలలో కేబులాయన ఇచ్చే పిల్లల ఛానెల్ అరవంలో ఉండేది. ఒంటికన్ను ముసలి ఎలుగుబంటి, దాని భుజం మీద కూర్చుని మంచుదేశం దాటే ఉడతపిల్ల, కథ అంతే. నాకు అరవం ఒక్క ముక్క రాదు. నాకన్నా ఏడేళ్ళు పెద్దదైన అక్క మాత్రం తమిళనాడు గుడియాత్తంలో మా అవ్వ దగ్గర పెరిగి, అక్కడి బడిలోనే చదివి వచ్చింది. ఆదివారం పొద్దున నేను టీవీ ముందు చతికిలబడితే, తను వెనక కూర్చుని నా తల దువ్వుతూ ప్రతి మాటా తెలుగులో చెప్పేది. ఉడతకు ఒక గొంతు, ఎలుగుబంటికి ఒక గొంతు. "యాడికి పోతావు మే, ఈడ మంచు కరుగుతా ఉండాది, నా మెడ గట్టిగా పట్టుకో" అని ఆ ఎలుగుబంటి అచ్చం మా వీధి మనిషిలాగే మాట్లాడేది.

అందుకే ఒళ్ళు మండింది. ఎవరో ఎక్కడో స్టూడియోలో కూర్చుని నా ఎలుగుబంటికి నోరు పెడతారా? ఫోనులో అభిమానుల గుంపంతా పండగ చేసుకుంటోంది. నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను. చూడనే చూడనని ఒట్టు పెట్టుకుంటూనే, మొదటి భాగం వచ్చే ఆదివారానికి అలారం కూడా పెట్టుకున్నాను. నా బుద్ధే అంత.

అప్పటికే అక్క గొంతు బొంగురుపోయి మూడు నెలలు దాటింది. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. తను అమ్మవారి గుడి దారిలో పూలు అమ్ముతుంది. అరవ యాత్రికులను పిలిచి పిలిచి గొంతు పోయిందనుకున్నాం. మిరియాల కషాయం అయింది, తేనె అయింది, తర్వాత మెడ పక్కన గడ్డ కనబడింది. ప్యాసింజరు రైలెక్కి, కాట్పాడి అవతల ఒక పెద్దాసుపత్రికి పోయాం.

మాకు దొరికిన డాక్టరుకు తెలుగు రాదు. నాకు అరవం రాదు. మధ్యలో అక్క. ఆయన చాలాసేపు మాట్లాడాడు, నడుమ ఒకసారి కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. ఆ చూపు నాకేం బాగనిపించలేదు.

"ఏమంటాడు అక్కా?" అని అడిగాను.

"గడ్డ చిన్నదే అంటాడు. మందుకు కరిగిపోతాదంట. రవంత రెస్టు ఇయ్యాలంట గొంతుకు."

"అంతసేపు చెప్పింది ఇంతేనా?"

"డాక్టర్లు అట్లే మే, చెప్పిందే చెప్తారు. గమ్మునుండు."

గమ్మునున్నాను. ఫైలు అక్క సంచిలోకి పోయింది. అందులో ఏం రాసుందో ఎవరితోనైనా చదివించాలని నాకు తోచనే లేదు. అరవం సంగతి అక్క చూసుకుంటుంది, మా ఇంట్లో మొదటినుంచీ అంతే. తర్వాత ఇది తెలిసినవాళ్ళందరూ నన్ను తిట్టారు. తిట్టాల్సిందే.

మందు మింగుతున్నా గడ్డ కరగలేదు. అక్క ముద్ద మింగడానికి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఒకరోజు ఉన్నట్టుండి, మల్లెపూలను, కనకాంబరాలను అరవంలో ఏమంటారో నేర్చుకోమంది. పూలు తెచ్చిచ్చే ఆయన నంబరు నా ఫోనులో ఎక్కించింది. నాకెందుకు నీ అరవం, నా మిషను నాకుంది అని కసిరాను. తను దారం తీసుకుని పూలు కట్టుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సీరియల్ వచ్చింది. అక్క పూల దగ్గర ఉంది, ఇంట్లో నేనొక్కదాన్నే. కొత్త కథకు ముందు పాత కథ చివరి ఘట్టం వేశారు. నాకు కంఠతా వచ్చిన ఘట్టమే: ఎలుగుబంటి మంచులో పడుకుంటుంది, ఉడత ముందుకు పోతుంది. ఆనాడు అక్క, "దానికి కాలు నొప్పంట మే. నువ్వు నడస్తా ఉండు, ఎనకనే వస్తానంటా ఉండాది" అని చెప్పింది. నేను సరేనని లేచి కడుపునిండా అన్నం తిన్నాను. ఎలుగుబంటి ఎనకనే వస్తుందన్న నమ్మకంతోనే ఇన్నేళ్ళూ బతికాను.

ఇప్పుడు తెలుగు గొంతు నిదానంగా, "నా ఊపిరి ఆగిపోతోంది బిడ్డా. నేను రాను. ఇక నీ దారి నువ్వే చూసుకోవాలి" అంది. ఉడత ఏడుస్తూ దాని మీద మంచు కప్పింది; చలికి దుప్పటి కప్పుతోందని నమ్మాను ఆనాడు. కొత్త కథ ఆ మంచుగుట్ట దగ్గరే మొదలయింది. ఫోను నిండా జనం చిన్నప్పుడు ఎంత ఏడ్చామో రాసుకుంటున్నారు. ఏడవనిదాన్ని నేనొక్కదాన్నే.

ఆ కొత్త గొంతు బాగుంది, అదే నాకు మరీ కష్టంగా తోచింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఎలుగుబంటి చాలాసేపు మాట్లాడింది. అక్క చెప్పింది మాత్రం రెండు ముక్కలు. అక్కడ నాకు డాక్టరు గుర్తొచ్చాడు.

సాయంత్రం అక్క గంప దించి ఇంకా చెప్పులైనా విడవలేదు.

"ఎలుగుబంటి ఆ పొద్దే సచ్చిపోయిందంట గదా," అన్నాను.

అక్క చెప్పులు విడిచి గోడ వారగా పెట్టింది. "సూసినావా," అంది. "అప్పుడు నువ్వు జరం పడి లేసినావు. ఏడ్సి తిండి మానేస్తే ఎట్లని అట్ల చెప్పినా."

"మరి డాక్టరు ఏమన్నాడు?"

"చెప్పినా గదా, చిన్నదే అని."

ఆ గొంతు నాకు తెలుసు. బొంగురుపోయినా అదే గొంతు. చచ్చిపోయే ఎలుగుబంటికి కాలు నొప్పని చెప్పిన గొంతు. నాకు కోపం ముంచుకొచ్చింది, కోపం కింద భయం. అక్క స్నానానికి పోయినప్పుడు సంచి మీద చెయ్యి వేశాను. ఫైలు తీసి చదువుకున్న ఎదురు లాడ్జీ ఆయన చేత చదివిస్తే క్షణంలో తేలిపోతుంది. కానీ ఆ మాట ఇంకొకరి నోట వినడం నావల్ల కాలేదు. చెబితే అక్కే చెప్పాలి.

మళ్ళీ ఆసుపత్రికి పోయే రోజు అదే ప్యాసింజరు రైలెక్కాం. పాకాల స్టేషన్లో బండి ఆగితే అక్క కిటికీ వైపు తిరగను కూడా లేదు.

డాక్టరు కాగితాలు చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. అక్క నా వైపు తిరిగి, "మాత్రలు మారుస్తాడంట" అంది.

"అక్కా, కలపొద్దు, తీసెయ్యొద్దు. ఆయన ఏమంటే అదే చెప్పు."

అక్క బల్ల మీద చేతులు పెట్టి వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత ఆయనతో అరవంలో ఏదో అంది. ఆయన మళ్ళీ మొదటినుంచి, ఒక్కొక్క మాట చెప్పి ఆగుతూ చెప్పాడు. ఆగిన చోటల్లా అక్క అందుకుంది.

"'మీ యక్కకు వచ్చింది క్యాన్సరు' అంటాడు. 'గొంతులోనే లేదు, ఊపిరితిత్తులకు పోయింది' అంటాడు. 'పోయినసారే చెప్పినాము. ఆపరేషన్‌తో అయ్యేది కాదు, నొప్పి లేకుండా చూసుకుంటాము' అంటాడు." ఊపిరి కోసం ఆగింది. "'మూడు నెలలు, మించితే నాలుగు. ఆమెను ఒంటిగా వదలొద్దు' అంటాడు."

ఆయన నా వైపు చూసి ఏదో చిన్న ప్రశ్న అడిగాడు.

"'మీకు అర్థమయిందా' అని అడగతా ఉండాడు," అంది అక్క.

తన మొహం చూసే ధైర్యం నాకు లేదు.

"అయిందని చెప్పు," అన్నాను.

అక్క ఆయన వైపు తిరిగి, అరవంలో ఆ మాట చెప్పింది.