తిరిగి చెప్పించే బెంచి

నరసరావుపేట కోర్టుకు కూతవేటు దూరంలో ఉన్న మా ఆఫీసుకు మూడు తరాల వయసు. నేను ఆ ఇంటి మనిషిని కాదు. రెంటచింతల నుంచి వచ్చి జూనియర్‌గా చేరి, ఇక్కడే ఉండిపోయినదాన్ని. చేరిన కొత్తల్లో నా కళ్ళు పడింది అద్దాల బీరువాలోని లావుపాటి పుస్తకాల మీద కాదు, గుమ్మం పక్కనున్న టేకు బెంచి మీద. వచ్చిన కక్షిదారు ఎవరైనా దాని మీదే కూర్చోవాలి. మిల్లు యజమానికైనా, ఆ మిల్లులో దూది ఊడ్చే మనిషికైనా వేరే కుర్చీ లేదు. లాయరు చెప్పిందంతా విన్నాక, వాళ్ళు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పేదాకా లేవనిచ్చేవాళ్ళు కాదు.

ఈ పద్ధతి పెట్టింది మా సీనియరుగారి నాన్న. ఎందుకు పెట్టారో తెలుసుకోవాలని నాకు మహా తహతహగా ఉండేది. అడగడం నాకొక జబ్బు. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అని సమర్థించుకుంటాను. మా అమ్మ మాత్రం, "నీకు పెట్టినా అడుగుతావే" అంటుంది. గుమాస్తాగారిని అడిగితే, ఎవరో రైతు అన్నిటికీ గంగిరెద్దులా తలూపి, ఇంటికి పోయి సరిగ్గా ఉల్టా చేశాడనీ, అప్పటినుంచీ ఇది మొదలైందనీ చెప్పారు. ఆ రైతు ఏ ఊరివాడని అడిగితే ఒకసారి శావల్యాపురమన్నారు, ఇంకోసారి గురజాలన్నారు. ఇక నేను నమ్మడం మానేశాను. సీనియరుగారిని అడిగితే నవ్వి, వాయిదాల పుస్తకం నా వైపు తోశారు.

మాది మొదటినుంచీ పనివాళ్ళ కేసులకు పేరున్న ఆఫీసు. పనిచ్చేవాళ్ళూ వస్తారు, పనిచేసేవాళ్ళూ వస్తారు. పొగాకు గ్రేడింగ్ కంపెనీలు ఉన్న రోజుల్లో, కొత్త చట్టం వస్తే పెద్ద వకీలుగారు, అంటే సీనియరుగారి నాన్న, వరండాలో నల్లబల్ల పెట్టి సుద్దముక్కతో రాసేవారట. చదువొచ్చిన ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు వినేవారు. సీనియరుగారి కాలంలో బల్ల పోయింది. ఆదివారం పొద్దున ఇడ్లీ పొట్లాలు తెప్పించి, వచ్చినవాళ్ళను బెంచి మీద, నేల మీద కూర్చోబెట్టి చెప్పేవారు. పల్లీ చట్నీ ఆశతో వచ్చినవాళ్ళు కూడా ఒక సెక్షనైనా నేర్చుకుని వెళ్ళేవాళ్ళు. నేను మూడోవంతు చట్టం ఆ ఇడ్లీల దగ్గరే నేర్చుకున్నాను.

ఆఫీసు సీనియరుగారి అబ్బాయి చేతికి వచ్చాక ఈ చెప్పడం ఫోన్లోకి మారింది. స్పిన్నింగ్ మిల్లులవాళ్ళు, కోల్డ్ స్టోరేజీలవాళ్ళు, సున్నం బట్టీలవాళ్ళు ఉన్న గ్రూపులో ఆయన కొత్త చట్టాల సంగతులు పెడతాడు. చురుకైనవాడు. మూడు వాక్యాలు దాటితే ఎవరూ చదవరని ఆయన సిద్ధాంతం. పెట్టిన నిమిషానికి కింద బొటనవేళ్ళు లేస్తాయి. గంగిరెద్దు తల ఇప్పుడు బొటనవేలైందని నేను ఒకసారి అన్నాను. ఆయనకు నచ్చలేదు.

పాత కార్మిక చట్టాలన్నీ కలిపి నాలుగు కోడ్‌లుగా చేశారు కదా, అవి అమల్లోకి వచ్చినప్పుడు ఆ గ్రూపుకు పండగే. ఆయన రోజుకొక ముక్క పెట్టేవాడు. అందులో ఒకటి, ఇకపై ఆడవాళ్ళను రాత్రి షిఫ్టులో పెట్టుకోవచ్చు అని. ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఎవరమూ రెండోసారి చూడలేదు.

కొంతకాలానికి ఒక మధ్యాహ్నం, ఎండ గుమ్మం దాటి లోపలికి వస్తున్న వేళ, ఎడ్లపాడు పక్క పల్లెటూరి నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటని మనిషి. జడలో ఇంకా దూది నూగు అంటుకుని ఉంది. స్పిన్నింగ్ మిల్లులో దారం చుట్టే వైండింగ్ సెక్షన్‌లో పనిచేస్తుందట. బెంచి మీద కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"సోమవారం నుంచి నైట్‌కి వస్తే రా, లేకపోతే అసలు రావద్దన్నారండి. ఏందయ్యా ఇది అంటే, కొత్త చట్టం వచ్చింది, కావాలంటే చూసుకో అని ఇది చూపించారు. నేను నా ఫోన్‌కి పంపించుకున్నా. కింద మీ ఆఫీసు పేరే ఉంది."

అబ్బాయిగారు ఆమె ఫోన్లో తన మెసేజి తానే చదువుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఏమిటో అప్పుడు చూశాను. ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆ మెసేజిలో లేని సగం చట్టం ఏమిటంటే, ఆడమనిషి తానుగా ఒప్పుకుంటేనే రాత్రి పని చెప్పాలి. ఆమె భద్రతా, రాకపోకలూ పనిచ్చేవాళ్ళే చూడాలి. ఈ ముక్క లేకపోబట్టి ఒక మనిషి ఉద్యోగం పోబోతోంది.

"అది కాదండీ, బస్సు" అని ఆమె ఇంకేదో చెప్పబోయింది.

"అవన్నీ తర్వాత చూద్దాంలేమ్మా, ముందు ఉద్యోగం నిలబడాలి" అని ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

ఆ మిల్లు మా పాత కక్షిదారు. వాళ్ళ మీద ఈమె తరఫున వకాల్తా వేయలేము, వేరే వకీలును చూపించాలి. అయినా తప్పు మా దగ్గర మొదలైంది కాబట్టి, మిల్లు యజమానికి సలహాగా ఒక ఉత్తరం రాద్దామన్నాడు. ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. చట్టం అంతా పూర్తిగా చెప్పాక చివర, ఈమె కుటుంబ బాధ్యతల వల్ల రాత్రి పని చేయలేనంటోంది కనుక పగటి షిఫ్టులోనే కొనసాగించండి అని ముగించాడు. మంచి ఉత్తరమే అనిపించింది.

అది ఆమెకు చదివి వినిపించి, అలవాటు ప్రకారం బెంచి మీద కూర్చోబెట్టి అడిగాడు. "ఇప్పుడు చెప్పమ్మా. చట్టం ఏమంటోంది?"

"నేను సరేనంటేనే నైట్. సరేనన్నా, తీసుకుపోయి తెచ్చే పూచీ వాళ్ళదే." ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆయన సంతోషించి లేవబోయాడు. ఆమె మాత్రం బెంచి మీద నుంచి కదల్లేదు.

"ఇప్పుడు మీరు చెప్పండి సార్. నేనేం చెప్పాను?"

ఆఫీసులో అలాంటి ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. అబ్బాయిగారు నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను.

"నైట్ చేయలేనన్నావు" అన్నాడాయన.

"అనలేదు. నైట్ వద్దని నేనెప్పుడన్నా? నైటైతే నాకు చానా నయం. పొద్దున పాపని బడికి తోలి పడుకోవచ్చు. మిల్లు బస్సు హైవే మీదే ఆగుద్ది సార్. ఆడికి మా ఊరి నుంచి పత్తిచేల మధ్య నడిచి రావాలి. లైటు లేదు, ఆ టైముకి ఆటో ఉండదు. బస్సు ఊళ్ళోకి పంపండి, వస్తా అన్నా. సూపర్‌వైజర్ నేను రానన్నానని రాసుకున్నాడు. మీరూ అదే రాశారు."

ఆమె ఈ మాట మొదట్లోనే చెప్పబోయింది. ఆడమనిషి రాత్రి పని వద్దంటే ఇల్లే కారణమై ఉంటుందని మిల్లువాళ్ళూ మేమూ ఒకేలా అనేసుకున్నాం. చట్టం తెలిసినవాళ్ళం కూడా ఇంతేనా అని నాకు సిగ్గేసింది.

లోపలి గదిలో పేపరు చదువుకుంటున్న సీనియరుగారు ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన వచ్చి ఆమె పక్కనే బెంచి మీద కూర్చున్నారు.

"నువ్వు చానాసార్లు అడిగావుగా ఈ బెంచి సంగతి" అన్నారు నాతో. "రైతూ లేదు, ఏమీ లేదు. పొగాకు గ్రేడింగ్‌లో పనిచేసే ఒకామె మా నాన్న దగ్గరికి వచ్చింది. తన గోడంతా చెప్పుకుని, నేనేం చెప్పానో నువ్వు చెప్పు బాబూ, అప్పుడు నీకు కేసు ఇస్తానంది. మా నాన్న చెప్పాడు. అంతా తప్పే. అప్పుడు ఆయన్నే ఈ బెంచి మీద కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచీ చెప్పిందంట."

"మరి ఇప్పుడు వాళ్ళ చేత చెప్పిస్తున్నామేంటండీ?" అని అడిగాను.

"మొదట్లో లాయరూ, కక్షిదారూ ఇద్దరూ చెప్పేవాళ్ళు. మనం చెప్పడం ఎప్పుడు మానేశామో తెలీదు. మనకి పని ఎక్కువైనప్పుడై ఉంటది."

ఇన్నేళ్ళు నేను వెతికిన కథ అది. దొరికాక గొప్ప సంతోషమేమీ కలగలేదు. ఆ బెంచి మీద లాయరు కూర్చోవడం నేను అంతవరకూ చూడనే లేదని మాత్రం తట్టింది.

అబ్బాయిగారు ఉత్తరం చింపేసి మళ్ళీ రాస్తానన్నాడు. సీనియరుగారు వద్దని, మిల్లు యజమానికి ఫోన్ చేసి రమ్మన్నారు. సాయంత్రానికి ఆయన కారులో వచ్చాడు. సీనియరుగారిని బాబాయ్ అని పిలుస్తాడు. బెంచి మీద ఆమెను చూసి కాసేపు నిలబడే ఉన్నాడు.

"ఏంది బాబాయ్, మీరు మా లాయరా, ఆమె లాయరా?"

"నీ లాయరునే. కాబట్టే నీకు చెబుతున్నా. ఆమెను తీసేస్తే రేపు గుంటూరు లేబర్ కోర్టులో నిన్ను కాపాడలేను. మావాడు పంపింది సగం. మిగతా సగం విని, తిరిగి చెప్పి వెళ్ళు. కూర్చో అబ్బాయ్."

యజమాని బెంచికి ఆ చివర కూర్చున్నాడు. అబ్బాయిగారు చట్టం మొత్తం చెప్పాడు. ఈసారి మూడు వాక్యాలు దాటింది. ఆ తర్వాత ఆమె తన సంగతి తానే చెప్పుకుంది. ఎవరూ చెయ్యెత్తలేదు.

"ఆడవాళ్ళను రాత్రి పెట్టుకోవచ్చు" అని మొదలుపెట్టాడు యజమాని. ఆగాడు. సీనియరుగారు ఎదురుచూశారు. "ఆమె... ఒప్పుకుంటే. ఒప్పుకోలేదని తీసేయకూడదు. రాకపోకలు నేనే చూడాలి." ఆయన కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు. "బస్సు లోపలికి తిప్పడమేగా, డ్రైవరుకి చెబుతా. అప్పటిదాకా పగలే రామ్మా. అంటే, నైట్‌కి నువ్వు ఒప్పుకున్నట్టేగా?"

ఆమె మొహమాటంతో తలూపితే ఇంతసేపు కూర్చున్నదంతా దండగే అనుకున్నాను.

"ముందు బస్సు మా ఊళ్ళోకి రానీండి సార్" అందామె. "వచ్చాక అడగండి."

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగి, ఎవరూ అడగకుండానే, ఆమె వైపు తిరిగి చెప్పాడు. "ముందు బస్సు. వచ్చాక అడగాలి."